వన్‌వేలో ఎదురు

రిటైరయ్యాక నన్ను చూడటానికి వచ్చే కుర్ర ఇంజనీర్లు కాఫీ సగం తాగాక తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. మీ సర్వీసులో మీరు కట్టించిన వాటిల్లో అన్నిటికంటే పెద్దది ఏదండి మేడమ్, అని. మునిసిపాలిటీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో బతికిన మనిషిని అడగవలసిన ప్రశ్న కాదిది. మేము కట్టేవి ఎక్కువగా మురుగుకాలువలు. అవి పొంగినప్పుడు తప్ప ఊళ్ళో ఎవరికీ మేము గుర్తుకు రాము. ఒక వాటర్ ట్యాంకు కట్టించాను గానీ, దానిమీద ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విశిష్ట అతిథి పేరు చెక్కాక మా సెక్షన్ పేరుకు చోటు మిగల్లేదు. అందుకని నేను "ఒక గేటు" అంటాను. వాళ్ళు నవ్వుతారు. పైగా ఆ గేటు నేను కట్టించింది కూడా కాదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది అక్కడ ఉంది.

మీరూ నవ్వుకోండి గానీ, కాస్త ఓపిగ్గా వినండి. రోడ్లూ గోడలూ కట్టడం మీకు కాలేజీలో నేర్పుతారు. ఒక్క మాట దగ్గర పని మొత్తం ఆగిపోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు.

నేను ఆఖరున పనిచేసిన ఊళ్ళో మునిసిపల్ హైస్కూలు సరిగ్గా మెయిన్ రోడ్డు మీద ఉండేది. వెనకవైపు పంటకాలువ, దాని గట్టు. ముందువైపు రోడ్డు మీదికి తెరుచుకునే పాత గేటు. దానిపైన సిమెంటు ఆర్చి, ఆర్చి మీద స్కూలుకు స్థలం ఇచ్చిన ఒక పెద్దావిడ పేరు. పేరు ఇక్కడ రాయను. ఊరంతా దాన్ని మామ్మగారి గేటు అనేవారు. బస్సు కండక్టరు కూడా "మామ్మగారి గేటు దిగేవాళ్ళు రండి" అనే అరిచేవాడు.

ఆ గేటు వేసిన రోజుల్లో పిల్లలు నడిచి వచ్చేవారట, మహా అయితే సైకిళ్ళ మీద. మా కాలానికి వచ్చేసరికి పొద్దున బడి వేళకు ఆ గేటు ముందు నిలబడితే తల ప్రాణం తోకకి వచ్చేది. కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని బయల్దేరిన లారీలు, కొబ్బరి మొక్కల ఆకులు రెండు పక్కలా ఊపుకుంటూ వచ్చేవి. వాటి వెనక రొయ్యల మేత వ్యాన్లు. మధ్యలో ఆర్టీసీ బస్సు. పుస్తకాల సంచులు బయటికి వేలాడేసిన ఆటోలు గేటు ముందుకొచ్చి ఆగేవి, పిల్లల్ని దింపేవి, దింపినచోటే వెనక్కి తిరగబోయేవి. బైకు మీద కూతుర్ని తెచ్చిన తండ్రి ఆ ఆటోకి ఎదురుగా బండి పెట్టి, నువ్వు వెనక్కి తీస్తావా నేను తియ్యాలా అన్నట్టు చూసేవాడు. ఎవరూ వెనక్కి తీసేవారు కాదు. మా జిల్లాల్లో మర్యాదకి లోటుండదు కాబట్టి తిట్టుకోవడం కూడా అండి చేర్చే తిట్టుకునేవారు.

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆటో దిగుతుండగా, పక్కన తిరుగుతున్న ఇంకో ఆటో చక్రం ఆ పిల్ల పాదం మీద ఎక్కింది. ఎముకలు విరిగాయి. తల్లి నర్సరీల్లో కూలికి వెళ్ళే మనిషి. పిల్ల కట్టుతో తిరిగి బడికి వస్తున్న రోజుల్లో ఆవిడ పనికి ఆలస్యమైనా సరే, పిల్లని చెయ్యి పట్టుకుని గేటు దాటించి, లోపల వరండా ఎక్కేదాకా చూసి వెళ్ళేది. ఆవిడ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నన్ను చూసినప్పుడు మాత్రం, "ఇంకో పిల్లకి ఇలా కాకుండా ఏదన్నా చెయ్యండి మేడమ్ గారూ" అంది. ఆ మాట వారాల తరబడి నా చెవిలో ఉండిపోయింది.

కొత్త దారి వెయ్యాలని అలా మొదలైంది. పనిలో నాతో ఇద్దరు ఉండేవారు. ఒకరు స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు. ఎండలో గొడుగు లేకుండా తిరిగే మనిషి, గొంతు పెంచకుండా పని చేయించుకునే మనిషి. రెండోవారు ట్రాఫిక్ ఎస్సై. ఆయనకి రెండు గొంతులు లేవు. ఇంట్లో భార్యతో మాట్లాడినా జంక్షన్‌లో లారీని ఆపినట్టే ఉంటుందని ఆయనే చెప్పుకునేవాడు. మనిషి మంచివాడు. నన్ను ఏడిపించడం ఆయనకి సరదా. ఏ పనికి శంకుస్థాపన జరిగినా కొబ్బరికాయ కొట్టే వేళకి నేను టేపు కొస పట్టుకుని స్థలానికి అవతలి చివర కొలుస్తూ ఉంటానని, "మా మేడమ్‌కి కొలతల పిచ్చండి, దేవుడొచ్చినా టేపు వదలరు" అని అందరికీ చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని.

మొదటి ప్లాను తేలికైనదే. వెనక కాలువ గట్టు మీద మట్టి బాట ఉంది. దాన్ని గట్టిపరిచి, రోడ్డు వేసి, కాలువ వైపు రెయిలింగు పెట్టి, స్కూలు వెనక గోడకి కొత్త గేటు తెరవడం. బళ్ళన్నీ అటునుంచే రావాలి, అటే పోవాలి. ముందు గేటు మూసేసి గోడ కట్టెయ్యడం. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది. ఇరిగేషన్ వాళ్ళు గట్టు మీద రోడ్డుకి ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నారంటే ఇక భూమ్మీద ఎవరైనా ఒప్పుకుంటారనే నా ధీమా.

స్కూలు కమిటీలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆర్చి మీద పేరున్న మామ్మగారి కొడుకు. డెబ్బై దాటిన మనిషి, పొలాలు చాలావరకు చెరువులు తవ్వించి రొయ్యలు వేశారు. తెల్ల పంచె, భుజం మీద కండువా, తక్కువ మాట. ప్లాను చూపించి ఆయనతోనూ సరేననిపించుకుందామని, ఒక సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గరే కుర్చీలు వేయించి కూర్చున్నాం. కమిటీవాళ్ళు, కౌన్సిలరు, కొందరు తల్లిదండ్రులు వచ్చారు. పాదం విరిగిన పిల్ల తల్లి ఒక పక్కన నిలబడింది.

ప్లాను నేను చెప్పాను. గేటు మూస్తామన్నప్పుడు పెద్దాయన ఆర్చి వంక ఒకసారి చూసి ఊరుకున్నారు. ఆలోచిస్తున్నారు అనుకున్నాను. ఇంకాస్త బలంగా చెబితే ఒప్పుకుంటారని ఎస్సైకి అనిపించినట్టుంది, లేచి నిలబడ్డాడు.

"అసలు బాధంతా ఎదురుతోటేనండి," అన్నాడు ఆ జంక్షన్ గొంతుతో. "ఈ గేటు దగ్గర ఎదురు మంచిది కాదండి. పొద్దున్నే ఈ ఎదురే పిల్లల ప్రాణాల మీదకి తెస్తోంది. ఇది మూసేశామంటే ఇంక ఎదురనేదే ఉండదు."

పెద్దాయన లేచారు. కండువా సర్దుకున్నారు. "ఈ గేటు కింద కూర్చుని ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చిందండి?" అని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయారు. బయట కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

"నేనేమన్నానండి మేడమ్? ట్రాఫిక్ గురించే కదండీ," అన్నాడు ఎస్సై. పాపం, నిజంగానే తెలియక అడిగాడు. హెడ్మిస్ట్రెస్ గారు తల పట్టుకున్నారు. ఆ మామ్మగారు చిన్న వయసులోనే భర్త పోయిన మనిషండి, అని మెల్లిగా చెప్పారు. అప్పుడు నాకు అర్థమైంది. మన భాషలో ఎదురంటే ఎదురొచ్చే ఆటో మాత్రమే కాదు కదా. గడప దాటి బయల్దేరేటప్పుడు ముత్తయిదువ ఎదురొస్తే మంచిదంటారు. భర్త లేనావిడ ఎదురొస్తే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరతారు. ఆ మాట ఆవిడ పేరు కిందే కూర్చుని, ఆవిడ కొడుకు ముందు, ఊరంతా వినేంత గొంతుతో అన్నాం మేము. నాకు ఇంక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు ఆయన కబురు పంపారు. గేటు మీద చెయ్యి వేస్తే కోర్టుకి వెళతానని. కౌన్సిలరు తప్పుకున్నాడు. ఆఫీసులో ఆ పని ప్రస్తావన వస్తే అందరూ కిటికీలోంచి బయటికి చూసేవారు. ఎస్సై క్షమాపణ చెప్పడానికి రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్ళాడు, రెండుసార్లూ చెరువుల మీద ఉన్నారని చెప్పి పంపేశారు. పొద్దున ఆటోలు అలాగే తిరుగుతున్నాయి. ఆ తల్లి అలాగే పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటిస్తోంది.

చెరువుల మీద ఉన్నారంటే చెరువుల దగ్గరికే వెళదామని ఒక ఆదివారం నేనే స్కూటరు వేసుకుని వెళ్ళాను. గట్టు మీద చిన్న షెడ్డు, దానిముందు నులక మంచం. నీళ్ళలో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. వెళ్ళిపొమ్మంటారేమో అనుకున్నాను. "కూర్చోండి ఇంజనీరమ్మ గారూ," అని మంచం చూపించి, తను కుర్చీ లాక్కున్నారు. ఎస్సై మాటకి క్షమాపణ చెప్పబోయాను. చేత్తో వద్దని సైగ చేశారు. ఆయన అన్నది ఆటోల గురించేనని ఇంటికి వెళ్ళాక నాకూ తెలిసిందమ్మా, అన్నారు. తెలిసినా ఆ మాట పోదు కదా, అన్నారు.

తర్వాత ఆయనే చెప్పుకుంటూ వచ్చారు. ఆయనకి జ్ఞానం రాకముందే తండ్రి పోయారు. తల్లి ఉమ్మడి ఇంట్లో ఉండేది. పిల్లవాడు పెద్ద పరీక్ష రాయడానికి పొరుగూరు వెళ్ళాలి, తెల్లారకుండానే పడవ ఎక్కాలి. ఆ ఉదయం పెద్దమ్మ పక్కింటి ఆవిడని బతిమాలి నిండు బిందెతో వీధిలో ఎదురు రమ్మని ఏర్పాటు చేసింది. తల్లి అన్నం వండి, పెరుగు కలిపి, మూట కట్టి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఎవరూ వెళ్ళమనలేదు. వెళ్ళాలని ఆవిడకే తెలుసు. వీధిలోకి వెళ్ళాక ఇతను అమ్మ కోసం వెనక్కి తిరిగి చూస్తే, వెనక్కి చూడకూడదని మేనమామ కసిరాడు. పరీక్షలన్ని రోజులూ అలాగే జరిగింది.

"పాసయ్యానమ్మా," అన్నారు పెద్దాయన. "బిందె ఆవిడకి చీర పెట్టారు. మా అమ్మని ఎవరూ తలవలేదు."

చాలా ఏళ్ళ తర్వాత ఊళ్ళో హైస్కూలుకి స్థలం వెతుకుతుంటే ఆవిడ తన పొలం ఇస్తానంది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఆవిడ పేర రాసిన పొలం అది. పసుపు కుంకుమలు ఎప్పుడో పోయాయి, పొలం మాత్రం మిగిలింది, దాన్నేం చేసుకుంటాను, అని నవ్విందట. ఒకే ఒక్క కోరిక కోరింది. గేటు మీద తన పేరు రాయించమంది. ఆర్చి పోయించి, పేరు రాయించి, ఆ పనంతా దగ్గరుండి చూసుకున్నది ఈయనే. ఇంత వయసులో పేరు మోజు ఏంటమ్మా అని అడిగితే ఆవిడ అన్నమాట ఆయన నాకు అచ్చంగా ఆవిడ గొంతుతో చెప్పారు.

"ఈ ఊరి పిల్లలందరూ రోజూ నాకు ఎదురు రావాలిరా. ఎంతమంది పరీక్ష తప్పుతారో నేనూ చూస్తాను."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆయన ఏరియేటర్ల వంక చూస్తూ ఉన్నారు. గేటు మూసి గోడ కట్టడమంటే అమ్మని మళ్ళీ వంటింట్లోకి పంపి తలుపు వెయ్యడమేనమ్మా, నా చేతుల మీదుగా అది జరగనివ్వను, అన్నారు. నేను స్కూటరు తాళం తీసుకున్నాను. లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచారు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. శంకుస్థాపనల్లో కొబ్బరికాయ కొట్టేటప్పుడు మీరు టేపు పట్టుకుని అవతలికి పోతారు. నేను చాలాసార్లు చూశాను. ఎవరు పొమ్మన్నారమ్మా మిమ్మల్ని?"

ఎవరూ పొమ్మనలేదు. మావారు చనిపోయిన ఏడు ఒక రోడ్డు పనికి శంకుస్థాపన జరిగింది. కమిషనరు గారి భార్య హారతి పట్టుకుని నిలబడ్డారు. నేను పక్కకి తప్పుకున్నాను, చేతిలో టేపు ఉంది కాబట్టి కొలుస్తున్నట్టు నటించాను. అది అలవాటైపోయింది. నా డిజైన్లు, నా ఎస్టిమేట్లు, నా సంతకాలు. కొబ్బరికాయ పగిలే వేళకి మాత్రం నేను స్థలానికి అవతలి చివర. ఎస్సై అనే కొలతల పిచ్చి అదే. తిరిగి వస్తూ కాలువ గట్టు మీద స్కూటరు ఆపి కాసేపు నిలబడ్డాను. ఏడ్చాననే చెప్పాలి.

ఏడిస్తే ట్రాఫిక్ తగ్గదు. మర్నాడు ఎస్సైని తీసుకుని గట్టు మీదికి వెళ్ళాను. గేటు మూసే ప్లానులో ఆయనకి ఇంకో అనుమానం ఉందట, మీటింగు అలా అయ్యేసరికి చెప్పలేదు. బళ్ళన్నీ గట్టు మీద వచ్చి గట్టు మీదే తిరిగి పోవాలంటే తిరగడానికి చోటేదండి, అన్నాడు. నేను చోటుందన్నాను. ఆయన మాటలతో తేల్చే మనిషి కాదు కాబట్టి జీపు ఎక్కి తిప్పి చూపించాడు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ ఆడించాక వెనక చక్రం ఒకటి గట్టు అంచు దిగి గాలిలో తిరగడం మొదలుపెట్టింది. జీపు అద్దానికి దిష్టి కోసం కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ అటూ ఇటూ ఊగింది. కింద నీళ్ళు. "మేడమ్, ఇక్కడ బండి తిప్పాలంటే సర్కస్‌లో నేర్చుకుని రావాలండి," అన్నాడు స్టీరింగు వదలకుండా. గట్టున గడ్డి కోస్తున్నవాళ్ళు వచ్చి జీపు పైకి నెట్టారు. అంటే మా మొదటి ప్లాను పెద్దాయన ఒప్పుకున్నా పనికొచ్చేది కాదు. రోడ్డు మీద ఉన్న ఎదురుని తెచ్చి కాలువ పక్కన పెట్టేవాళ్ళం.

బట్టలకి బురదతోనే స్కూల్లోకి వెళ్ళాం. బడి వదిలే గంట కొట్టారు. పిల్లలు గేటు వైపు పరుగెడుతుంటే నేను గ్రౌండు మధ్యలో నిలబడి ఆర్చి వంక చూశాను. అన్నేళ్ళుగా ఆ గేటు చూస్తున్నాను గానీ, ఎప్పుడూ రోడ్డు మీద నుంచే. లోపలి నుంచి చూడటం అదే మొదటిసారి కాబోలు. ఇటువైపు ఆర్చి మీద ఏమీ లేదు. వెల్ల వేసిన సిమెంటు, వాన చారలు, ఒక పావురం. పేరంతా రోడ్డు వైపు. బయటికి పోయే పిల్లలకి కనబడేది ఆ ఖాళీ సిమెంటు.

అప్పుడు తట్టింది. ఎదురు అనేది వచ్చినవాళ్ళకి కాదు కదా, బయల్దేరేవాళ్ళకి. మామ్మగారు ఇన్నేళ్ళుగా చూస్తున్నది బడికి వచ్చి చేరిన పిల్లల్ని. బయల్దేరే పిల్లలకి ఆవిడ వీపు తిప్పి ఉంది.

ఎస్సైని ఆపి, కాగితం లేక నేల మీద పుల్లతో గీశాను. బళ్ళు గట్టు మీద నుంచి కొత్త గేటులో లోపలికి రావాలి. గ్రౌండు అంచున గోడ పక్కగా, కంచె వేసిన సన్నదారిలో పిల్లల్ని దింపాలి, తిరగకుండా నేరుగా ముందుకొచ్చి మామ్మగారి గేటులోంచి రోడ్డు మీదికి ఎడమవైపుకి పోవాలి. సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకోవడమూ అదే దారిలో. నడిచేవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ వచ్చేది కొత్త గేటులో, పోయేది పాత గేటులో. ఎవరూ ఎవరికీ ఎదురుపడరు. ఎస్సై పుల్ల తీసుకుని ఆటోలా తిప్పి చూశాడు, రెండోసారి బస్సులా తిప్పాడు. "ఎక్కడా ఆగటం లేదండి," అన్నాడు ఆశ్చర్యంగా.

ఆగింది హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర. దారి వేస్తే ఖోఖో కోర్టు సగం పోతుంది. ఆవిడ గొంతు పెంచకుండానే మా చేత వెనకవైపు గుంటలు పూడ్పించి కొత్త ఖోఖో కోర్టు, దానితోపాటు ఇదివరకు లేని వాలీబాల్ కోర్టు, పనిలో పనిగా బాలికల టాయిలెట్లకి కొత్త తలుపులు ఒప్పించుకున్నారు. బేరం ఎలా ఆడాలో మా కాంట్రాక్టర్లు ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

పెద్దాయన్ని నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ప్లాను చూపించలేదు. గ్రౌండు మధ్యలో నిలబెట్టి గేటు వైపు చూడమన్నాను. చాలాసేపు చూశారు.

"అమ్మ ఇన్నాళ్ళూ వచ్చేవాళ్ళకే కనబడిందండి," అన్నాను. "బయల్దేరేవాళ్ళకి కదండీ ఎదురు రావాల్సింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇటువైపు పేరెందుకు రాయలేదండి?" అన్నారు, నేనే దాచిపెట్టినట్టు.

"రాయించింది మీరే కదండీ."

నవ్వారు. ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. ఇటు పక్క రాయించండమ్మా, అటు పక్క కంటే అక్షరాలు పెద్దవి పెట్టమనండి, అన్నారు. మూసే మాట ఇంక రాలేదు. కోర్టు మాటా రాలేదు.

వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసినప్పుడు గట్టు పని చేశాం. జూన్‌లో బడి తెరిచారు. మామ్మగారి గేటు బయట రోడ్డు వైపు ఎర్ర బోర్డు పెట్టించాను, ప్రవేశం లేదు అని. మొదటిరోజే ఆ బోర్డు దాటి లోపలికి వచ్చిన బండి ఎవరిదో తెలుసా? పెద్దాయనది. అలవాటు. ఎస్సై పరుగెత్తి కారు ముందు నిలబడ్డాడు. కారులో ఎవరున్నారో చూశాక ఆ గొంతు ఎక్కడికి పోయిందో గానీ, మొట్టమొదటిసారి మెల్లిగా మాట్లాడాడు. "ఇటునుంచి అమ్మగారు ఎదురొస్తున్నారండి. తమరు గట్టు మీద నుంచి రావాలండి." పెద్దాయన అతన్ని కాసేపు చూసి, డ్రైవరుతో వెనక్కి తియ్యమన్నారు. క్షమాపణ అడగడమూ, ఇవ్వడమూ అంతటితో అయిపోయాయి.

ఆటోవాళ్ళు దారికి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఒకరిద్దరు పొద్దున గట్టు చుట్టి రావడానికి బద్ధకించి "ఒక్క నిమిషమేనండి, ఆయ్" అని ముందు గేటులో దూరబోయేవారు. ఎస్సై వాళ్ళని పక్కకి తీసి, బడి గంట కొట్టేదాకా తన పక్కన నిలబెట్టేవాడు. దసరా సెలవుల నాటికి రోడ్డు మీద మొక్కల లారీ ఆగకుండా పోతోంది. ఆ తల్లి ఒక రోజు గట్టు గేటు దగ్గర పిల్లని వదిలి, లోపలికి రాకుండా అటునుంచి అటే పనికి వెళ్ళిపోవడం చూశాను. అది చాలనుకున్నాను.

మార్చి వచ్చింది. ఆ పిల్ల అప్పటికి పదో తరగతి. వాళ్ళ పరీక్ష సెంటరు కాస్త దూరంలో ఇంకో స్కూల్లో పడింది. మొదటిరోజు పిల్లలందరూ తమ బడిలో కలుసుకుని, అక్కడనుంచి నడిచి వెళ్ళేలా హెడ్మిస్ట్రెస్ గారు ఏర్పాటు చేశారు. నన్నూ రమ్మన్నారు. వెళ్ళేసరికి పెద్దాయన అన్నవరం ప్రసాదం ఆకు పొట్లాలు పంచుతున్నారు. పిల్లలు అది తినాలో పెన్నులు చూసుకోవాలో తెలియక రెండూ చేస్తున్నారు. పిల్లలు వరసలో నిలబడ్డాక నేను అలవాటు చొప్పున పక్కకి, వాలీబాల్ కోర్టు వైపు జరిగాను. చేతిలో టేపు లేదు గానీ కాళ్ళకి తెలుసు.

పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. "అటు కాదమ్మా. మీరు బయటికెళ్ళి గేటులోంచి రండి. పిల్లలు బయల్దేరుతున్నారు."

నాకు అర్థమైంది. వద్దండి, అన్నాను. పిల్లల పరీక్షండి, అన్నాను. అంత చదువుకుని, అన్ని డిజైన్లు చేసి, నా నోటినుంచి వచ్చిన మాట అది. ఆయన ఆర్చి మీదున్న పెద్ద అక్షరాల వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. ఇంక సాకు దొరక్క, "అది వన్‌వే కదండీ," అన్నాను.

గేటు దగ్గరున్న ఎస్సై వినేశాడు. అప్పటికి ఎవరు చెప్పారో, కొలతల పిచ్చి ఏమిటో ఆయనకీ తెలిసినట్టుంది. రోడ్డు మీద రెండు వైపులా బళ్ళు ఆపేసి, "మేడమ్ గారూ, ఈ ఒక్కసారికి చలానా రాయన్లెండి, రండి," అన్నాడు.

గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి బయటికి వెళ్ళాను. తిరిగి, నేను పెట్టించిన ప్రవేశం లేదు బోర్డు దాటి, ఆర్చి కిందినుంచి లోపలికి నడిచాను. పిల్లలు వరసగా ఎదురొస్తున్నారు. వాళ్ళలో ఏ ఒక్కరైనా వెనక్కి తగ్గుతారేమోనని చూశాను. ఎవరూ నన్ను పట్టించుకోలేదు, ఎవరి ఫార్ములాలు వాళ్ళు గొణుక్కుంటున్నారు. వరసలో అందరికంటే ముందు ఆ పిల్ల, కుడికాలు కాస్త ఎగరేస్తూ నడుస్తోంది. నన్ను చూసి ఆగింది. నేనూ ఆగాను.

"గుడ్ మార్నింగ్ మేడమ్ గారండి," అంది. తర్వాత బోర్డు వంక చూసి, మందలిస్తున్నట్టు, "మీరే రాంగ్ రూట్లో వస్తున్నారేంటండి?"

ఆ పిల్లకి ఎదురంటే అదొక్కటే తెలుసు. నేను ఆ పిల్ల తలమీద చెయ్యి వేశాను. "తప్పేనమ్మా, వెళ్ళిరా," అన్నాను.

ఆ ఏడు అందరూ పాసయ్యారా అని మీరు అడుగుతారు. లేదు. కొందరు తప్పారు, ఎప్పటిలాగే లెక్కల్లో. ఊరంతా కలిసి ఆ నేరం లెక్కల మాస్టారి మీద వేసింది. మామ్మగారినీ నన్నూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల పాసైంది, సామర్లకోటలో పాలిటెక్నిక్ చదివింది, ఇప్పుడు సర్వేయరుగా చేస్తోందని విన్నాను.

నేను రిటైరయ్యే ముందు ఆఖరున ఒక మురుగుకాలువ పనికి శంకుస్థాపన జరిగింది. కొలతలు వేస్తూ వేస్తూ మా వాళ్ళు టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక, మేడమ్ ఏరీ, మేడమ్ ఏరీ అని స్థలం అవతలి చివరంతా వెతుక్కున్నారు. నేను కొబ్బరికాయ దగ్గర ఉన్నాను.